సీసా మూత పరీక్ష

చీఫ్ గారు తమ జీవితంలో మొట్టమొదటిసారిగా ఒక ప్రశ్నపత్రాన్ని దొంగచాటుగా చూశారు. అదీ నెత్తిన వెంట్రుకలన్నీ తెల్లబడ్డాక, మనవడి కోసం.

ఆయన్ను ఇంటా బయటా అందరూ చీఫ్ గారనే అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడి పరీక్షలకు చీఫ్ సూపరింటెండెంటుగా వెలిగిన మహానుభావుడాయన. ఆయన బూట్ల చప్పుడు వినపడితే పరీక్ష హాల్లో ఫ్యాన్లు సైతం గొణగడం మానేవని ప్రతీతి. లక్క ముద్ర చెక్కుచెదరని ప్రశ్నపత్రాల కవరును చూస్తే ఆయన కళ్ళలో కదలాడే తడి సొంత పెళ్ళినాడు కూడా కదలాడలేదని ఆయన భార్యే చెబుతుండేది. ఇక పక్కకు తిరిగిన మెడ ఆయన న్యాయస్థానంలో నేరాంగీకార పత్రంతో సమానం. "పక్కవాణ్ణి అడిగి రాసేవాడు ఎప్పటికీ బాగుపడడు" అని ఆయన ఎన్ని తరాల పిల్లలను హడలగొట్టారో లెక్కలేదు.

అటువంటి మనిషి ఒక ఉదయాన కూతురి వెంట కిండర్‌గార్టెన్‌కు వెళ్ళి, ఆఫీసు గదిలో ఆమె దరఖాస్తు ఇస్తుండగా వసారాలో పచార్లు చేస్తూ, ఒక గాజుతలుపు ముందు ఆగిపోయారు. లోపల స్పీచ్ థెరపిస్టు, అంటే పిల్లల మాటనూ మాటతీరునూ పరీక్షించి దిద్దే అమ్మాయి, ఒక బుట్టలోంచి వస్తువులు తీసి పొట్టి బల్ల మీద సర్దుతోంది. మూత బిగించిన వెడల్పు మూతి సీసా, దానిలో ఎర్ర కారు. సబ్బు బుడగల బుడ్డి. కీ ఇస్తే గెంతే కప్ప. జిప్పు వేసిన సంచి. బొమ్మల పుస్తకం.

అదే పరీక్ష సరంజామా అని చీఫ్ గారికి ఇట్టే అర్థమైంది. కళ్ళు మూసుకోవలసిన చోట కళ్ళజోడు సవరించుకున్నారు.

సంగతేమిటంటే, ఆయన కూతురి కొడుక్కి నాలుగో ఏడు నిండవస్తోంది. వాడికి ఇంట్లో 'దొర' అని ముద్దుపేరు. పెట్టింది చీఫ్ గారే. దొరకు మంచినీళ్ళు కావలిస్తే నోరు విప్పడు. తాతగారి మణికట్టు పట్టుకుని గ్లాసు దాకా నడిపించుకువెళ్ళి, ఆ చేతిని దాని మీద పెడతాడు. తాతగారి మొహంకేసి చూడటమన్నది దొరగారి హోదాకు తగదు. సేవకుడి చేయి చాలు, సేవకుడితో పని లేదు. ఈ రాచఠీవికి చీఫ్ గారు మురిసిపోతుండగా, పిల్లల డాక్టరు మాత్రం "ఆటిజం కావచ్చు. వాడు ఎదుటివాళ్ళతో ఎలా కలుస్తున్నాడో, కావలసింది ఎలా అడుగుతున్నాడో ముందు పరీక్ష చేయించండి" అన్నాడు. ఆ మాటను చీఫ్ గారు ఇంట్లో నిషేధించారు. 'కావచ్చు' అనేది మార్కు కాదు, అనుమానం మాత్రమేనని ఆయన తీర్పు.

ఆ కిండర్‌గార్టెన్‌లో కొత్తగా చేరే పిల్లలందరికీ, ఆటిజం ఉన్నా లేకపోయినా, ఒకటే పరీక్ష. దాన్నిబట్టి ఎక్కువమంది పెద్ద గదిలోకీ, విడిగా సాయం కావలసిన కొద్దిమంది చిన్న గదిలోకీ వెళతారు. చిన్న గదిలో రోజూ ఆ స్పీచ్ థెరపిస్టే ఉంటుంది. చోట్లు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. చీఫ్ గారి దృష్టిలో చిన్న గది అంటే ఫెయిలైనవాళ్ళ గది. తమ వంశంలో, తమ కళ్ళ ముందు, ఒకడు నాలుగేళ్ళకే ఫెయిలవడమా?

"నాకు ఏ గదైనా ఒకటే నాన్నా," అంది కూతురు ఇంటికి వస్తూ. "వాడి మనసులో ఏముందో నాకు తెలియడం లేదు. ఏడిస్తే ఎందుకు ఏడుస్తున్నాడో తెలియదు. చిన్న గదిలో చోటు దొరికితే వాడితో ఎలా మాట్లాడాలో నాకూ నేర్పుతారట. అది చాలు నాకు."

చీఫ్ గారు వినలేదు. ఆయన మనసంతా ఆ సీసా మీదే ఉంది.

మర్నాడే బజారుకు వెళ్ళి అచ్చం అలాంటి సీసా, అలాంటి కారు, కప్ప, బుడగల బుడ్డి, సంచి, పుస్తకం కొనుక్కొచ్చారు. కూతురు ఉద్యోగానికి వెళ్ళాక మధ్యాహ్నం పూట భోజనాల బల్ల మీద తర్ఫీదు మొదలైంది. దొరతో పాటు చీఫ్ గారి కొడుకు కూతురు కూడా విద్యార్థినే. ఆ పిల్లదీ అదే ఈడు, చేరబోయేదీ అదే కిండర్‌గార్టెన్‌లో. నిద్రలో తప్ప నోరు మూతపడదు కనుక దానికి 'రేడియో' అని పేరు. మూత తీయడానికి చీఫ్ గారు ఒక శాస్త్రోక్తమైన పద్ధతి రూపొందించారు: మూత అంచును బల్లకు తట్టాలి, సీసాను పొట్టకు ఆనించాలి, చొక్కా చెంగు మూత మీద కప్పి తిప్పాలి. పుస్తకం తెరిచి, "ఇదేమిటి? బస్సు. శభాష్, కూర్చో!" అని ప్రశ్న, జవాబు, బహుమానం మూడూ తామే గంభీరంగా పఠించేవారు.

దొర అద్భుతంగా నేర్చుకున్నాడు. ఒకసారి చూస్తే చాలు, పొల్లు పోకుండా అలాగే చేసేవాడు. రేడియో మాత్రం సీసాను తాతగారి మీదికే నెట్టేది. "నువ్వు తియ్యి తాతయ్యా. నీకు రాదా? మా నాన్నకి వచ్చు. ఈ కారుకి డ్రైవరేడీ?" ఈ పిల్ల గట్టెక్కడం కష్టమని చీఫ్ గారు లోలోపల కుమిలిపోయారు.

పరీక్ష నాడు ముందుగా పిలుపు వచ్చింది రేడియోకే. చీఫ్ గారూ, దొరను ఒళ్ళో పెట్టుకున్న కూతురూ వసారాలో గాజుతలుపు బయట కూర్చున్నారు. మాటలు వినపడవు, మనుషులు మాత్రం కనపడతారు.

స్పీచ్ థెరపిస్టు సీసాను బల్ల మీద పెట్టింది. పెట్టి, ఒక్క ప్రశ్నయినా వేయకుండా, పైకప్పు కేసి చూస్తూ కూర్చుంది. ప్రశ్న అడగని పరీక్షాధికారిని చీఫ్ గారు అంతకుముందు చూసి ఉండలేదు. బహుశా ప్రశ్న మరచిపోయిందేమోనని జాలిపడ్డారు. లోపల రేడియో శాస్త్రోక్తమైన పద్ధతిని గాలికి వదిలేసి, సీసా తీసి ఆ అమ్మాయి చేతిలో కుక్కింది. కారును వేలితో చూపించింది. అమ్మాయి ఇంకా తెలివితక్కువదానిలా చూస్తుంటే గడ్డం పట్టుకుని మొహాన్ని తన వైపు తిప్పుకుంది. తర్వాత బుడగల బుడ్డీ అంతే, కప్పా అంతే. ఒక్కటి కూడా సొంతంగా చేయలేదు. నోరు మాత్రం మిల్లు ఆడినట్టు ఆడుతూనే ఉంది. మధ్యలో ఒకసారి వేలు నేరుగా గాజుతలుపు కేసి, అంటే చీఫ్ గారి కేసి చూపించేసరికి ఆయనకు ముచ్చెమటలు పోశాయి.

"పోయింది," అన్నారు చీఫ్ గారు నిట్టూర్చి. "పూర్తిగా పోయింది. అన్నీ ఆవిడ చేతే చేయించుకుంది."

కానీ లోపల ఆ అమ్మాయి ముసిముసిగా నవ్వుతోంది. కాగితం మీద పెన్ను హుషారుగా పరుగెడుతోంది.

రేడియో తలుపు తోసుకుని బయటికి వచ్చింది. "తాతయ్యా, ఆవిడకి ఏమీ రాదు! మూత తియ్యడం కూడా రాదు పాపం. నేనే అన్నీ చెప్పాను."

"చాలా బాగా చేసింది సార్," అంది స్పీచ్ థెరపిస్టు. "పెద్ద గదిలో నిశ్చింతగా చేర్చండి."

చీఫ్ గారు తెల్లమొహం వేశారు. బాగా చేసిందా? ఏది చేసింది?

ఇప్పుడు దొర వంతు. తాతగారు వెంట లేనిదే కదలడు కనుక చీఫ్ గారికీ, తల్లికీ లోపలికి అనుమతి దొరికింది. రేడియోకు కాగితమూ రంగు పెన్సిళ్ళూ ఇచ్చి వసారాలో ఆయా పక్కన కూర్చోబెట్టారు. చీఫ్ గారికి పిల్లల కుర్చీ వేశారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నా, ఆ పీఠం మీద కూడా ఆయన పట్టాభిషిక్తుడిలాగే కూర్చున్నారు.

సీసా వచ్చింది. అమ్మాయి మళ్ళీ పైకప్పు కేసి చూసింది. దొర తట్టాడు, పొట్టకు ఆనించాడు, చొక్కా చెంగు కప్పి తిప్పాడు. మూత ఊడింది. కారు బల్ల మీద పరుగుతీసింది. చీఫ్ గారి ఛాతీ పొంగింది. బుడగల బుడ్డి ఇస్తే తానే విప్పి తానే ఊదుకున్నాడు. కప్పకు కీ తానే ఇచ్చాడు. సంచి జిప్పు తానే లాగాడు. ఇంత జరిగినా మెడ ఒక్కసారి పక్కకు తిరగలేదు. అమ్మాయి కేసి చూడలేదు, తల్లి కేసి చూడలేదు. ఇటువంటి అభ్యర్థి కోసం చీఫ్ గారు ఉద్యోగకాలమంతా ఎదురుచూశారు.

పుస్తకం తెరిచేసరికి దొర తానే అందుకున్నాడు. "ఇదేమిటి? బస్సు. శభాష్, కూర్చో!"

గొంతు చిన్నదే. ఠీవి మాత్రం అచ్చం తాతగారిది. 'శభాష్' అన్నప్పుడు గడ్డం పైకెత్తడం కూడా అలాగే దిగింది.

స్పీచ్ థెరపిస్టు పెన్ను ఆగిపోయింది. దొర కేసి చూసింది, చీఫ్ గారి గడ్డం కేసి చూసింది, తన కాగితం కేసి చూసుకుంది.

"ఏమమ్మా, ఎలా ఉంది?" అన్నారు చీఫ్ గారు, జవాబు తెలిసినవాడి ధీమాతో.

"నాకేమీ అర్థం కావడం లేదు సార్," అంది ఆ అమ్మాయి నిజాయితీగా. "అన్నీ తనే చేసేసుకున్నాడు. నాకు అడగడానికి చోటే ఇవ్వలేదు."

"మరి మంచిదే కదా?"

"మూత వస్తుందా రాదా అన్నది నాకు అక్కర్లేదు సార్. అందుకే పిల్లలకి రాకుండా గట్టిగా బిగిస్తాం. రానప్పుడు ఏం చేస్తారు, ఎవరి దగ్గరికి వెళతారు, మొహం చూస్తారా, వేలు చూపిస్తారా, ఎలా అడుగుతారు, చూసేది అదీ. సాయం అడగడమే ఈ పరీక్ష."

చీఫ్ గారి తలలో ఏదో తలకిందులైంది. సాయం అడగడమే పరీక్షా? పక్కకు తిరగడానికి మార్కులా? ఏ పనికైతే తాము పిల్లల చేతుల్లోంచి కాగితాలు లాక్కుని హాలు బయటికి పంపారో, అదే పనికి ఇక్కడ చప్పట్లు కొడుతున్నారా? మరి రేడియో చేసింది మహా ఘనకార్యమైతే, దొర చేసిందేమిటి? భూమి తిరిగే దిక్కు మార్చుకుని ఆ కబురు తమకు పంపలేదేమో అనిపించింది ఆయనకు.

"ఇప్పుడేం చేస్తారు?" అంది కూతురు.

"ఇవాళ చూసినదాన్నిబట్టి చిన్న గదికి రాయలేను మేడమ్. రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు, ఇన్ని పనులు సొంతంగా చేస్తున్నాడు కదా అంటారు. ఈ ఏడాదికి పెద్ద గదిలో కూర్చోబెట్టి, వచ్చే ఏడాది మళ్ళీ చూద్దాం."

పెద్ద గది! చీఫ్ గారు కోరుకున్నదే. మనవడు ప్యాసయ్యాడు. ఆయన నోరు తెరవకుండా కూర్చుంటే చాలు, విజయం ఇంటికి నడిచి వస్తుంది. ఆయన కూతురి కేసి చూశారు. ఆమె దొర చొక్కా చెంగును వేళ్ళతో సాపు చేస్తూ ఉంది, మూత తిప్పినచోట పడిన ముడతను. ఆ వేళ్ళు ఏం చేయాలో తెలియక ఆ పని చేస్తున్నాయని ఆయనకు ఎందుకో తోచింది. "వచ్చే ఏడాదా?" అని మాత్రం అంది, ఎవరితో అంటోందో తెలియకుండా.

చీఫ్ గారు లేవబోయారు. పిల్లల కుర్చీ కూడా ఆయనతో పాటు లేచింది. దాన్ని వదిలించుకుని, లేచి నిలబడి, నేరస్తుల పట్ల తాము వాడే గంభీర స్వరంలోనే ప్రకటించారు.

"అమ్మా, పేపరు లీకైంది."

"ఏ పేపరు సార్?"

"మీదే. సీసా, కారు, కప్ప, సంచి. తలుపులోంచి చూశాను. అలాంటివే కొన్నాను. రోజూ ఇంట్లో వాడికి పరీక్ష పెట్టాను. ఆ తట్టడం నాదే. ఆ పొట్టా నాదే."

"శభాష్?"

"అదీ నాదే."

అమ్మాయి పెదవులు బిగబట్టింది. అది కోపమో నవ్వో చీఫ్ గారికి అంతుబట్టలేదు. కూతురు మాత్రం ఆయన్ను కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"మధ్యాహ్నాలు మీరు వాడితో ఆడుకుంటున్నారనుకున్నాను నాన్నా."

"ఆడుకున్నాం కూడా," అన్నారు చీఫ్ గారు. ఆ మాట తమకే ఆశ్చర్యంగా వినిపించింది. "నిజమే. నాకు తెలియలేదు గానీ ఆడుకున్నాం."

"సరే సార్. మీరు నేర్పనిది ఏదైనా చెప్పండి," అంది అమ్మాయి. "వాడంతట వాడే చేసేది."

చీఫ్ గారు చాలాసేపు వెతుక్కున్నారు. ఎక్కడ చూసినా తమ తర్ఫీదే కనపడింది. చివరికి, దొర బిరుదు వెనక కథ చెప్పారు: మణికట్టు పట్టడం, చేతిని గ్లాసు మీద పెట్టడం, మొహం చూడకపోవడం. మనవడి మీద ఉన్న ప్రేమనంతా గుమ్మరించి చెప్పారు. అమ్మాయి దీక్షగా రాసుకుంటోంది. ఆ రాత వేగం చూశాక తాము వాడి తరఫున సాక్ష్యం చెప్పారో, వాడికి వ్యతిరేకంగా చెప్పారో ఆయనకు సందేహం పట్టుకుంది.

"అది మంచిదా చెడ్డదా తల్లీ?"

"రెండూ కాదు సార్. వాడి పద్ధతి. అక్కడినుంచే మొదలుపెట్టాలి. ఇంకొక్కసారి చూద్దామా? లీకు కానిది ఒకటుంది నా దగ్గర." అంటూ తన సంచిలోంచి ఒక స్టీలు టిఫిన్ డబ్బా తీసింది. "దీని మూత బిగుసుకుపోయి నిన్నటినుంచీ నాకే రావడం లేదు. లోపల ఏదో గలగలమంటోంది. స్పూనే అనుకుంటా."

దొర డబ్బాను ఊపాడు. గలగల. వాడి కళ్ళు మెరిశాయి. అంచు తట్టాడు. పొట్టకు ఆనించాడు. చొక్కా కప్పాడు. రాలేదు. మళ్ళీ తట్టాడు. రాలేదు. గదిలో ఎవరూ కదలలేదు. చీఫ్ గారి నాలుక మీదికి సలహాలు బారులు తీరాయి. ఆయన పళ్ళు బిగించి వాటిని ఆపారు.

దొర లేచాడు. డబ్బాతో వచ్చి తాతగారి మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిని మూత మీద పెట్టాడు.

"తియ్యకండి సార్. ఆగండి," అంది అమ్మాయి మెల్లగా. "వాడికి వ్యవధి ఇవ్వండి."

ఆగారు. చేయి మూత మీద ఉంది. దొర ఆ చేతిని నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఇంకెంతసేపు ఆగాలి? ఇప్పుడు తీయవచ్చా? చీఫ్ గారు స్పీచ్ థెరపిస్టు కేసి చూశారు, కనుసైగ కోసం.

"శభాష్, కూర్చో," అన్నాడు దొర.

ఆ మాటకు ఉలిక్కిపడి చీఫ్ గారు తల తిప్పేసరికి వాడి చూపు డబ్బా మీదే ఉంది.

"చూశాడు!" అంది కూతురు. కుర్చీలోంచి సగం లేచింది. "నాన్నా, వాడు మీ మొహంలోకి చూశాడు. చూసి అన్నాడు."

"కళ్ళజోడులో లైటు పడింది మేడమ్, దాన్ని చూసి ఉండవచ్చు," అంది అమ్మాయి. "నాకూ కచ్చితంగా తెలియలేదు. సార్, మీకు?"

చీఫ్ గారు నీళ్ళు నమిలారు. "నేను... నేను మిమ్మల్ని చూస్తున్నానమ్మా."

పరీక్ష సమయంలో మెడ పక్కకు తిప్పినవాడు ఆ గదిలో ఆయనొక్కడే.

మూత తీయడానికి ప్రయత్నిస్తే అది ఆయనకూ రాలేదు. అమ్మాయికి అందించారు, ఆమెకూ రాలేదు. చివరికి నలుగురూ తలా ఒక చేయి వేసి లాగితే ఊడి, స్పూను కింద పడి గింగిరాలు తిరిగింది. దొర దాని పక్కన బోర్లా పడుకుని, అది ఆగిపోయేదాకా చూసి, ఎవరి కోసమో తెలియని నవ్వు ఒకటి నవ్వాడు.

"చిన్న గదికి రాస్తున్నాను," అంది అమ్మాయి. "ఇంట్లో తర్ఫీదు ఇచ్చారని కూడా రాస్తాను సార్, తప్పదు."

"రాయండి," అన్నారు చీఫ్ గారు. "పెద్ద అక్షరాలతో రాయండి."

కూతురు లేచి నిలబడింది. ఆయన భుజం మీద ఒకసారి చేయి వేసి తీసేసింది. అది క్షమించడమో, శిక్షించడమో, ఊరికే తూలిపడకుండా ఆపుకోవడమో ఆయనకు బోధపడలేదు. ఓడిన పరీక్షలో మనసు ఇంత తేలికగా ఎందుకుందో అంతకన్నా బోధపడలేదు.

వసారా చివర వీధి తలుపు వేసి ఉంది. దొర తాతగారి మణికట్టు పట్టుకుని దాని దాకా నడిపించుకువెళ్ళి, ఆ చేతిని తలుపు పిడి మీద పెట్టాడు.

చీఫ్ గారు తీయలేదు. పిడి మీద చేయి అలాగే ఉంచి, ఈసారి ఇంకెవరి కేసీ చూడకుండా, వంగి మనవడి మొహం కేసి చూస్తూ నిలబడ్డారు. వెనక ఇంకో తల్లీ బిడ్డా వచ్చి ఆగారు. వాళ్ళ వెనక ఆయా చీపురుతో ఆగింది.

"నాన్నా, తలుపు తియ్యండి. అందరూ ఆగిపోయారు."

"ఉండమ్మా. పరీక్ష జరుగుతోంది."

"ఎవరికి?"

దొర చూపు పిడి మీదనుంచి కదిలింది. తాతగారి మోచేతి దాకా వచ్చింది. చొక్కా బొత్తాల దాకా వచ్చి అక్కడ కాస్త ఆగింది, ఇంకా పైకి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు.

"తాతయ్యకి తలుపు తియ్యడం కూడా రాదు పాపం," అంది రేడియో వెనకున్నవాళ్ళతో. "ఎవరైనా సాయం చెయ్యండి."

చీఫ్ గారు కదలలేదు. ఎదురుచూస్తున్నారు.